ఎన్నో నెల, బావా?

మైకు ఇంకా గోవర్ధనరావు గారి చేతిలోనే ఉంది. అది ఆయన చేతిలో ఉన్నంతసేపూ తనకేమీ కాదు, ఇలాగే ఈ ప్లాస్టిక్ కుర్చీలో మోకాళ్ల మీద అరచేతులు ఆనించుకుని, శ్రద్ధగా వింటున్నవాడిలా ముఖం పెట్టుకుని కూర్చోవచ్చు అనుకున్నాడు సూరయ్య. అరచేతుల్లో చెమట. ప్యాంటుకి తుడుచుకున్నా మళ్లీ ఊరుతోంది. తుఫాను షెల్టరు పై అంతస్తులో ఊరంతా ఉంది. వేట మానుకుని వచ్చిన మగవాళ్లు కుడివైపు, చేపల బుట్టలు మెట్ల మీద వదిలేసి వచ్చిన ఆడవాళ్లు ఎడమవైపు. కిటికీలోంచి ఎండ సిమెంటు గచ్చు మీద పడి కళ్లలోకి కొడుతోంది. బందరు నుంచి వచ్చిన మత్స్యశాఖ ఆఫీసరు గోవర్ధనరావు గారు ప్రాణరక్షణ గురించి చెబుతున్నారు. మంచివాడే పాపం, గొంతు మాత్రం బస్టాండులో బస్సుల పేర్లు చదివే మనిషిలా ఒకే తీరులో పోతుంది, ఎవరూ వినడం లేదు. వాళ్లంతా ఎదురు చూస్తున్నది సూరయ్య కోసం. సూరయ్య లేస్తే నవ్విస్తాడు, ఏడిపిస్తాడు. చిన్నప్పటి నుంచీ అంతే. వలలు బాగుచేసుకునే చోట సూరయ్య కూర్చుంటే చుట్టూ పదిమంది చేరేవాళ్లు. ఈ నోరే కదా, ఈ నోరే.

స్టేజీ వెనక గోడకి ఫ్లెక్సీ కట్టారు. తిరిగి చూడకపోయినా వీపుకి తెలుస్తోంది, అక్కడ బావ ఉన్నాడు. ఆధార్ కార్డు ఫోటో పెద్దది చేశారు, కళ్లు రెండూ నిమ్మకాయలంత అయ్యాయి. కింద ఎర్రక్షరాలు. తన ప్రాణమిచ్చి బావమరిదిని బతికించిన త్యాగమూర్తి పోలయ్య. ఎదురుగా మూడో వరసలో అక్క. నాగమల్లేశ్వరి. నీలం రంగు చీర కొంగు భుజం చుట్టూ బిగించుకుని, వీపు నిటారుగా పెట్టుకుని కూర్చుంది. పక్కన తన భార్య కొండమ్మ. వెనక బావ, ముందు అక్క, మధ్యలో తను. పారిపోవాలంటే మెట్ల దాకా పోవాలి, మెట్ల దాకా పోవాలంటే అక్క పక్కనుంచే పోవాలి. కృష్ణ మొగలో పడవ తిరగబడిన రోజు కూడా ఇంత భయం వేయలేదు. ఆ రోజు భయపడటానికి తీరిక లేదు. నీళ్లు ముక్కులోకి పోతున్నప్పుడు మనిషికి ఒక్కటే పని ఉంటుంది. ఇప్పుడు అన్నిటికీ తీరికే. నాలుక అంగిట్లో అతుక్కుపోయింది. నీళ్ల సీసా బల్ల మీద ఉంది, అందుకోలేదు.

"భయం దాచుకోవద్దండీ సూరయ్య గారూ," అంది ప్రసన్నలక్ష్మి గారు. ఆవిడ గుడివాడ కాలేజీలో లెక్చరరు, నలుగురి ముందు మాట్లాడటం నేర్పడానికి ఆ మధ్య బందరులో రెండు రోజుల ట్రైనింగు పెడితే వచ్చింది. కళ్లజోడు నెత్తి మీదకి తోసుకుని మాట్లాడేది. "లెక్కలు చెబితే ఎవరూ వినరండీ. మీకు జరిగింది, మీ నోటితో, జరిగింది జరిగినట్టు చెప్పండి. మీ మనసులోంచి వస్తే వాళ్ల మనసులోకి పోతుంది. మీరు బయటపడితేనే వినేవాళ్లు మీ మనుషులవుతారు." అది రాసుకోమంది కూడా. సూరయ్య రాసుకోలేదు, తల ఊపాడు. తల ఊపడం తనకి బాగా వచ్చు. ఆ సాయంత్రమే ఆవిడ ముందు చెప్పి చూపించాడు. తిరగబడిన పడవ, సుడి తిరిగే నీళ్లు, బావ ఒంటి మీది లైఫ్ జాకెట్టు విప్పి తనకి తొడగడం, "మీ అక్కని చూసుకోరా" అని మునిగిపోవడం. ప్రసన్నలక్ష్మి గారు కళ్లజోడు దించుకుని కళ్లు తుడుచుకుంది. నెల తిరక్కుండా గుడివాడ కాలేజీకి తీసుకెళ్లింది. మూడొందల మంది పిల్లలు. ఎక్కడ ఆగాలో, ఎక్కడ గొంతు తగ్గించాలో సూరయ్యకి ఎవరూ నేర్పక్కర్లేదు. ఆడపిల్లలు వెక్కి వెక్కి ఏడ్చారు. తర్వాత క్యాంటీన్లో భోజనం పెడితే రెండుసార్లు పప్పు వడ్డించుకున్నాడు, ఆకలేసింది మరి. తిరిగొచ్చేటప్పుడు బస్సులో కిటికీ పక్కన కూర్చుని, పామర్రు దాటాక గుర్తొచ్చింది రెండుసార్లు వడ్డించుకున్నానని. దిగే దాకా నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకునే కూర్చున్నాడు. కానీ అక్కడ ఏడ్చినవాళ్లలో ఎవరిదీ అక్క ముఖం కాదు. ఇక్కడ చెప్పమంటారని ఆనాడు తెలియదు. తెలిసి ఉంటే ఆ ట్రైనింగుకే పోయేవాడు కాదు. పోయేవాడే. పోనని ఎవరితో అనగలడు, ఏమని అనగలడు.

అబద్ధం చెప్పాలని చెప్పలేదు. అదొక్కటే నిజం. పద్నాలుగు నెలల కిందట, వానలు వెనకపట్టిన రోజులు. కృష్ణ సముద్రంలో కలిసే మొగ దగ్గర ఇసుక మేట మీద అలలు విరుగుతాయి, అక్కడ పడవకి నిలకడ ఉండదని ఈ ఊళ్లో పుట్టినవాడికల్లా తెలుసు. వేటకి పోతూ తిరగబడ్డారు. కోడూరు వైపు నుంచి పోతున్న వేరే పడవవాళ్లు తనని లాగి ఒడ్డున పడేసినప్పుడు ఒంటి మీద కాషాయం రంగు జాకెట్టు ఉంది. దాని గుండెల మీద నల్ల మార్కరుతో పోలయ్య అని రాసి ఉంది. బావ కూతురు రాసింది, పోగొడతాడేమోనని. అక్క తడి ఇసుకలో పడుతూ లేస్తూ పరిగెత్తుకొచ్చి తన రెండు చెంపలూ పట్టుకుని ఆ పేరు చూసింది. "మీ బావ ఇచ్చాడా? ఒరే, మీ బావే తొడిగాడా నీకు?" గొంతులో ఉప్పు. మాట రాలేదు. "చెప్పరా, ఆయనే ఇచ్చాడా?" మూడోసారి అడిగినప్పుడు తల ఊపాడు. అంతే. కిందికీ పైకీ ఒక్కసారి. తల అడ్డంగా తిప్పడానికి కావలసిన బలం ఆ క్షణాన లేదు, లేకపోతే ఉందేమో, ఎవరికి తెలుసు, పద్నాలుగు నెలలుగా ఆ తలని వెనక్కి తీసుకెళ్లి అడ్డంగా తిప్పుతూనే ఉన్నాడు. మూడో రోజు బావ ఒడ్డుకి కొట్టుకొచ్చాడు. పదో రోజుకి ఆ తల ఊపు ఒక కథగా మారిపోయింది. "మీ అక్కని చూసుకోరా" అన్న మాట ఎవరు చేర్చారో సూరయ్యకి తెలియదు, తను మాత్రం కాదు. తర్వాత తర్వాత తనే చెప్పడం మొదలెట్టాడు, అందరూ అదే చెబుతుంటే తను వేరే ఎలా చెబుతాడు.

అక్క ఏడుపు ఆ కథతోనే తగ్గింది. అది చూశాడు. ఉత్తినే పోయిన మనిషి పెళ్లాంగా కాక, తమ్ముడికి ప్రాణం పోసిన మనిషి పెళ్లాంగా వీధిలో నడిచింది. వారానికొకసారి ఇంటికి పిలిచి అన్నం పెట్టేది. పెద్ద ముక్క ఏరి తన కంచంలో వేసి, "తినరా, మీ బావ నిలబెట్టిన ప్రాణం," అనేది. ఎంత ఆప్యాయంగా అనేదో. ముక్క గొంతులో అడ్డుపడేది. ముల్లు గుచ్చుకుందనుకుని వీపు మీద నిమిరేది. ఆ చెయ్యి వీపు మీద పడగానే ఒళ్లు బిగుసుకుపోయేది. అమ్మ పోయాక తనని పెంచిన చెయ్యి అది. ఇవాళ నిజం చెబితే ఆ చెయ్యి ఏం చేస్తుంది? కొట్టడం నయం. కొట్టకపోతే? తలుపు వేసేస్తే? బజారులో ఎదురుపడి ఎవరో పరాయివాడిని చూసినట్టు పక్కకి జరిగిపోతే? ఊరు ఏం చేస్తుంది? పంచాయితీ పెడుతుందా, పడవ మీద ఎవడైనా ఎక్కించుకుంటాడా? కొండమ్మ పిల్లల్ని తీసుకుని బంటుమిల్లి, వాళ్ల పుట్టింటికి పోతుందా? ఎందుకు చెప్పాలి? చెప్పద్దు. అందరికీ నచ్చిన కథ ఉంది, నోటికొచ్చిన కథ, పది నిమిషాల్లో అయిపోతుంది. అక్క మరోసారి కళ్లు తుడుచుకుంటుంది. చప్పట్లు. టీ ఇస్తారు. ఆ టీ తను తాగుతాడు.

"సూరయ్య గారు తన అనుభవం చెప్పేముందు," గోవర్ధనరావు గారి గొంతు, "ఈ జాకెట్ ఎలా తొడుక్కోవాలో ఒకసారి చూద్దామండీ. ఎవరైనా ఒకరు రండి. నాంచారయ్య గారూ, మీరు రండి."

నాంచారయ్యకి బొజ్జ. ఆయన లేవగానే ఒక గుసగుస లేచింది. కొత్త జాకెట్టు కవరు చింపిన చప్పుడు. ఆ ప్లాస్టిక్ వాసన ఇక్కడిదాకా వచ్చింది, సూరయ్య ఊపిరి బిగబట్టాడు. నడుము దగ్గర పట్టీ చాలక ఆఫీసరు వదులు చేస్తున్నాడు. టక్ మని బకిల్ పడింది. నాంచారయ్య చేతులు రెండు పక్కలా ఎడంగా పెట్టి జనం వైపు తిరిగాడు. పొట్ట ముందు కాషాయం రంగు గుండ్రంగా పొంగింది.

వెనక నుంచి దుర్గారావు అరిచాడు. "ఎన్నో నెల, మావా?"

షెల్టరు దద్దరిల్లింది. ఆడవాళ్లు కూడా. ఆఫీసరు కూడా నవ్వాపుకోలేక మైకు పక్కకి తిప్పాడు. "ఆ మాట సూరిగాడిది రోయ్, నీది కాదు," అన్నారెవరో. "జాకెట్టంటే ఆడోళ్లది కాదేంట్రా మరి," అని ఇంకొకడు. అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కళ్లు చిన్నవయ్యాయి. నవ్వుతోంది. అక్క నవ్వుతోంది. సూరయ్యకి చెవుల్లో ఒక్కసారిగా నీళ్లు నిండినట్టయింది. అవును, తనదే. ఆ మాట తనే పుట్టించాడు, జాకెట్లు మొదటిసారి పంచినప్పుడు. రెండు వేసవులు రేవంతా తిరిగింది. ఎవడు తొడుక్కున్నా ఆ మాటే. ఎవడు ఎంతకాలం పడతాడు? నాంచారయ్య నవ్వుతూనే, చెవులు ఎర్రబడి, "తియ్యి బాబూ, ఉక్కపోస్తంది," అంటూ బకిల్ కోసం పొట్ట కింద తడుముకుంటున్నాడు. ఆ వేళ్లు. లావుగా, మొద్దుగా, తాళ్లు లాగి కాయలు కాసిన వేళ్లు. అవి బావ వేళ్లే. పడవ మొగ వైపు తిరుగుతుంటే బావ ఇలాగే తడుముకున్నాడు. టక్. విప్పి, మడతపెట్టి, పీటలా కిందేసుకుని దాని మీద కూర్చున్నాడు. ఆ తర్వాత ఎంతసేపు? బీడీ సగం కాలేంత సేపు. అల పక్కనుంచి వచ్చింది. నీళ్లలో బావ తల ఒక్కసారి కనబడింది, దూరంగా, అంతే. తన చేతికి తగిలింది జాకెట్టు. ఎవరూ ఇవ్వలేదు. తేలుతూ వచ్చింది. తొడుక్కున్నాడు.

నాంచారయ్య జాకెట్టు కుర్చీ మీద పడేసి పోయి కూర్చున్నాడు. రేపు తెల్లారి ఆయన పడవ పోతుంది. దుర్గారావుదీ పోతుంది. బావ త్యాగం గురించి విని కళ్లు తుడుచుకుని, ఎవడూ తొడుక్కోకుండా పోతారు. తను చెప్పే కథలో జాకెట్టు ఒకరికి ఇచ్చేయడానికే ఉంది.

"సూరయ్య గారూ, రండి."

లేచాడు. మైకు తడిచేతిలో జారింది, రెండు చేతులతో పట్టుకున్నాడు. అప్పుడే కొందరు నవ్వడానికి సిద్ధంగా ముందుకు వంగారు.

"నా పేరు సూరయ్య," అన్నాడు. "మీకు తెలుసు." చిన్న నవ్వు. "ఆ రోజు పొద్దున నేనూ మా బావా మొగ దాటతన్నాం. అల కొట్టింది. పడవ తిరగబడింది. అప్పుడు మా బావ..."

ఇక్కడ ఆగాలి. ఎప్పుడూ ఇక్కడే ఆగుతాడు, మూడు అంకెలు లెక్కపెట్టేంత సేపు. ఒకటి. రెండు. అక్క ముఖం మీద ఆ మెత్తదనం వచ్చేసింది, కథ వచ్చే చోటు ఆమెకీ తెలుసు. మూడు. నాలుగు. ఐదు. ఫ్యాను తిరుగుతోంది. ఎవరో దగ్గారు. కొండమ్మ తలెత్తి చూసింది. వెనక్కి పోవడానికి దారి ఉంది, ఒక్క వాక్యం, నోట్లోనే ఉంది, జారవిడిస్తే చాలు. వద్దురా, వద్దు, కూర్చో. కానీ నోరు అప్పటికే తెరుచుకుంది.

"మా బావ నాకు జాకెట్టు ఇవ్వలేదు."

మైకు కీచుమంది.

"నాకెవరూ ఇవ్వలేదు. తేలతా వస్తే నేనే పట్టుకున్నా. బావ నాకు అందనంత దూరాన ఉన్నాడు. ఏమీ అనలేదు. నన్ను చూశాడో లేదో కూడా తెలవదు." గొంతు తనది కాదు, సన్నగా, చిన్నపిల్లాడి గొంతు. "పడవెక్కినప్పుడు తొడుక్కునే ఉన్నాడండీ. పాప చెప్పిందని తొడుక్కున్నాడు. నేనే... ఇందాక దుర్గారావు అన్నాడే, ఆ మాట అన్నా. ఎన్నో నెల బావా అన్నా. పొట్ట మీద చెయ్యేసి మరీ అన్నా. విప్పేశాడు. విప్పి దాని మీద కూర్చున్నాడు. తొడుక్కుని ఉంటే తేలేవోడు. నేను తేలాను కదా దాంతోనే."

ఇంకా ఏదో చెప్పాలి. ప్రసన్నలక్ష్మి గారు చివర్లో ఒక మాట చెప్పాలంది, వినేవాళ్లు ఇంటికి పట్టుకుపోయే మాట. ఏదీ లేదు. గోవర్ధనరావు గారు లేచి, ఏం చేయాలో తెలియక, మైకు కోసం సగం చెయ్యి చాపి ఆగిపోయారు. వెనక వరసలో ఒకడు లేచాడు. "ఏం కూత్తన్నావురా! తాగొచ్చావా?" ఇంకెవరో వాణ్ణి కూర్చోబెట్టారు. దుర్గారావు తల వంచుకుని ఉన్నాడు. కొండమ్మ నోటి మీద చెయ్యి వేసుకుంది. సూరయ్య ఇవేవీ చూడాలనుకోలేదు, ఒక్కచోటికి మాత్రం చూడకుండా ఉండటానికి అన్నీ చూశాడు. చివరికి చూడక తప్పలేదు.

అక్క లేచింది.

వరసలో మోకాళ్లు పక్కకి జరిగాయి. ఆమె మెట్ల వైపు పోతుందనుకున్నాడు, అటే చూశాడు కూడా. పోలేదు. మధ్య దారిలోకి వచ్చి, నాలుగడుగులు ముందుకేసి నిలబడింది. ముఖంలో ఏముందో సూరయ్యకి అర్థం కాలేదు. కోపమైతే తెలిసేది. చిన్నప్పుడు గంజి ఒలకబోసినప్పటి కోపం తెలుసు, చదువు మానేసినప్పటిది తెలుసు. ఇది తెలియదు. కొట్టక్కా, అనుకున్నాడు. ఇందరి ముందు కొట్టు. అది అయిపోనీ.

"ఎన్నో నెలన్నావు," అంది. గొంతు పైకి లేవలేదు.

"అన్నానక్కా."

"దానికి మీ బావేమన్నాడు?"

సూరయ్యకి ప్రశ్న అందలేదు. పద్నాలుగు నెలలుగా రాత్రీ పగలూ తను అన్న మాటే వింటున్నాడు. తర్వాత బావ వేళ్లు, టక్. ఆ రెండిటి మధ్యా ఏముందో ఎప్పుడూ చూడలేదు. ఇప్పుడు చూశాడు. ఇంజను చప్పుడు, డీజిలు వాసన, బావ ముఖం మీద పొద్దుటెండ.

"తొమ్మిది నిండాయిరా అన్నాడు." ఎక్కడినుంచి వస్తోందో తెలియకుండానే వచ్చింది. "పురుడు మీ అక్క పోస్తదిలే అన్నాడు."

"ఆయనన్నాడా? ఆ మాట?"

"ఆయనే అక్కా."

"నవ్వతా అన్నాడా?"

"నవ్వతానే. ఒళ్లంతా ఊగేలాగ నవ్వాడు."

అక్క నోటి నుంచి ఒక చప్పుడు వచ్చింది. నవ్వో, ఏడుపో, దెబ్బ తగిలితే వచ్చేదో. చెయ్యి కడుపు మీదకి పోయి అక్కడే ఆగింది. పక్కన ఉన్న ముసలమ్మ పట్టుకోబోతే వద్దని తోసేసింది. తలెత్తినప్పుడు ఆ కళ్లు చూసి సూరయ్య ఒక అడుగు వెనక్కి వేశాడు.

"పద్నాలుగు నెలలు," అంది. "ఆయన మాట పద్నాలుగు నెలలు నీ దగ్గరెట్టుకున్నావు. నా ఇంట్లో కూకుని అన్నం తింటా."

"అక్కా..."

"నోరుముయ్యి. నిన్నేం చెయ్యాలో తర్వాత చూత్తా. అది నేను చూసుకుంటా." పక్క కుర్చీ ఒకటి కాలితో ఇటు లాక్కుంది. గచ్చు మీద కర్రుమంది. స్టేజీకి ఎదురుగా, తనకి రెండు బారల దూరంలో, ఊరందరికీ వీపు పెట్టి కూర్చుంది. "ఆ మైకు పక్కనెట్టు. నాకు వినపడుద్ది. పడవెక్కిన కాడ్నించీ చెప్పు. ఏమేమన్నాడో అన్నీ చెప్పు. ఒక్కటి దాచావంటే ఊరుకోను."

సూరయ్య మైకు బల్ల మీద పెట్టాడు. అది దొర్లి నీళ్ల సీసాకి తగిలి ఆగింది. నిలబడలేక స్టేజీ అంచున కూలబడ్డాడు. ఇప్పుడు అక్క ముఖం అంత దగ్గరగా ఉంది.

"ముందు ఇంజను అందుకోలేదక్కా," అన్నాడు. "నాలుగుసార్లు లాగాను. బావ తిట్టాడు."

"ఏమని?" అంది అక్క.